కార్చిచ్చు వ్యాప్తి అంచనా: ఎగిరే నిప్పురవ్వలను లెక్కలోకి ఎలా తేవాలి?

ప్రాజెక్టు కోసం కార్చిచ్చు ఎటు పాకుతుందో అంచనా వేసే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఆధారం, మంట పాకే వేగాన్ని లెక్కగట్టే 1972 నాటి రోథర్మెల్ సమీకరణం. విమానం నుంచి తీసిన థర్మల్ (వేడిని పట్టే) చిత్రాల్లో పొగ చాటున ఉన్న మంట అంచు కూడా తెలుస్తోంది. ఉపగ్రహం మీది వీర్స్ సెన్సర్ ఇచ్చే 375 మీటర్ల గడి కన్నా ఇది ఎంతో నయం. చెట్ల ఎత్తు, నేల వాలు లైడార్ (లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే పద్ధతి) నుంచి తీసుకున్నాను.

చిక్కంతా నిప్పురవ్వలతోనే. నా ప్రోగ్రామ్‌లో మంట బుద్ధిగా వాలు ఎక్కుతూ పోతుంది. అసలు చిత్రాల్లో మాత్రం రవ్వలు వాగు దాటి, అవతలి ఎండుగడ్డిలో కొత్త మంట రాజేశాయి. ఆ సమీకరణంలో రవ్వల ఊసే లేదు!

రవ్వలు పడే దూరాన్ని విడిగా లెక్కగట్టి కలపాలా? లేక కొత్త చిత్రం వచ్చినప్పుడల్లా మంట అంచును సరిదిద్దుకుంటూ పోతే సరిపోతుందా? చిత్రానికీ చిత్రానికీ 20 నిమిషాల ఎడం ఉంది. ఇలాంటిది చేసినవాళ్లు కాస్త దారి చూపండి.