అప్‌డేట్: మియాపూర్ ఫ్లాట్‌కి టోకెన్ ఇవ్వాలా అని అడిగాను కదా

రెండు నెలల క్రితం అడిగింది నేనే. 62 లక్షల పాత ఫ్లాట్, మూడు రోజుల్లో 2 లక్షలు టోకెన్ (ముందస్తు బయానా) ఇవ్వకపోతే వేరేవాళ్లకి అమ్మేస్తామన్నారు. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, అమ్మకాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల నుంచి వచ్చిన దస్తావేజులు) చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దని మీరందరూ చెప్పారు. ఆ మాట విన్నందుకు ఇప్పుడు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను.

30 ఏళ్లకి ఈసీ తీయించాం. ఓనర్ గారు లోన్ ఎప్పుడో కట్టేశారు కానీ బ్యాంకు దగ్గర తనఖా రిలీజ్ రిజిస్టర్ చేయించుకోలేదు. ఈసీలో ఆ లైను అలాగే ఉంది! వకీలు గారు వేలు పెట్టి చూపించేదాకా మాకు తెలియలేదు. ఓనర్ గారు మంచివారే, మూడు వారాలు తిరిగి రిలీజ్ చేయించారు. ఆ తర్వాతే అగ్రిమెంట్ రాసుకున్నాం.

డబ్బు విషయంలో మాత్రం నా లెక్క తప్పింది. ఈ ధరకి బ్యాంకు 80 శాతం మించి ఇవ్వదు, అంటే 12.4 లక్షలు మన చేతిలో ఉండాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అది ఇంకో 4.65 లక్షలు. అమ్మ గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది, అది ఇంకా బాధగానే ఉంది. 50 లక్షలు దాటిన ఇల్లు కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి కోసే పన్ను) కొనే మనమే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, మర్చిపోకండి.

ఇంకోటి, వాన పడ్డ మర్నాడు మళ్లీ వెళ్లి చూశాం. బాత్రూమ్ సీలింగ్ మూల చెమ్మ, చేత్తో తాకితే సున్నం రాలింది. పైవాళ్లతో మాట్లాడి బాగుచేయించాకే రిజిస్ట్రేషన్‌కి వెళ్లాం. శ్రావణంలో పాలు పొంగిస్తున్నాం.