ఆటోక్యాడ్‌లో ఒక డ్రాయింగులోని స్టైళ్లను మరొక డ్రాయింగులోకి తెచ్చుకోవడం

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
ఇటు గజపతి జిల్లాలోనూ అటు పాతపట్నం వైపూ ఆటోక్యాడ్ (కంప్యూటరులో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్)లో ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. ఒక డ్రాయింగులో టెక్స్ట్, డైమెన్షన్ స్టైళ్లు (అక్షరాలూ కొలతలూ ఎలా కనిపించాలో చెప్పే అమరికలు) చక్కగా కుదిరాయి. వాటిని డిజైన్ సెంటర్ (ఇతర డ్రాయింగులలోని స్టైళ్లను చూపే ప్యానెల్) తెరిచి కొత్త డ్రాయింగులలోకి లాగుతున్నాను. కొన్నింటిలో ఎన్నిసార్లు లాగినా ఏ మార్పూ కనిపించడం లేదు. కారణం ఏమై ఉంటుందండీ?

జవాబు (రాయగడ నుంచి):
మీరు లాగుతున్న స్టైల్ పేరుతోనే ఆ డ్రాయింగులో ఇంకొకటి ఇదివరకే ఉండి ఉంటుందండీ. అలాంటప్పుడు డిజైన్ సెంటర్ అక్కడున్న దానినే ఉంచి, మీరు తెచ్చినదాన్ని వదిలివేస్తుంది. ‘స్టాండర్డ్’ అనే స్టైల్ ప్రతి డ్రాయింగులోనూ ఉంటుంది కనుక, దానిలోనే మార్పులు చేసుకునే అలవాటున్నవారికి ఈ చిక్కు తప్పదు. రీనేమ్ కమాండుతో అక్కడి స్టైల్ పేరు మార్చి, తరువాత మీదాన్ని లాగండి. అయితే అంతకుముందు గీసిన కొలతలు పాత స్టైల్‌నే అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి, వాటిని ఎంచుకుని ప్రాపర్టీస్‌లో కొత్త స్టైల్‌కు మార్చాలి. ఎక్స్‌ప్రెస్ టూల్స్ (ఆటోక్యాడ్‌కు తోడుగా వచ్చే అదనపు కమాండులు) ఉన్నవారు డిమెక్స్ (DIMEX) కమాండుతో స్టైల్‌ను ఫైలుగా దాచుకుని, డిమిమ్ (DIMIM)తో తెచ్చుకునేటప్పుడు పాతదాని మీద రాసేయమని చెప్పవచ్చు. నాకైతే ఈ దారే సుఖంగా ఉంటుంది. డైమెన్షన్ స్టైల్ వాడుకునే టెక్స్ట్ స్టైల్‌కూ ఇదే నియమం వర్తిస్తుంది. కొలతలలో అక్షరాల తీరు మారిపోతే ముందుగా దానినే చూడండి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
పేరు మార్చాక స్టైల్ వచ్చిందండీ, కృతజ్ఞతలు. కానీ మిల్లీమీటర్లలో గీసిన ప్లానులో అంకెలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. అసలు డ్రాయింగు అడుగులు, అంగుళాలలో ఉంది.

జవాబు (రాయగడ నుంచి):
స్టైల్‌లోని అంకెలు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, యూనిట్లు మారవు. అక్షరం ఎత్తు 3/32 అంగుళం, ఓవరాల్ స్కేల్ (స్టైల్‌లోని పరిమాణాలన్నిటినీ గుణించే అంకె) 96 అనుకుంటే, అంగుళాల డ్రాయింగులో అక్షరం 9 అంగుళాలుగా నిలుస్తుంది; మిల్లీమీటర్ల డ్రాయింగులో అదే 9 మిల్లీమీటర్లవుతుంది, 1:100లో ప్రింటు తీస్తే అసలు ఆనదు. అక్కడ ఎత్తును 2.5గా, ఓవరాల్ స్కేల్‌ను 100గా పెట్టండి. బాణపు గుర్తుల పరిమాణం, గీతల మధ్య ఎడం కూడా మిల్లీమీటర్లలోకి మార్చుకోవాలి. మీకు రెండు రకాల పనులూ వస్తాయి కనుక, అడుగులకు ఒకటి, మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున డీడబ్ల్యూటీ టెంప్లేటు ఫైళ్లు (కొత్త డ్రాయింగుకు మూసగా పనికొచ్చేవి) చేసుకుని, ఎక్కువగా వాడేదాన్ని ఆప్షన్స్‌లోని ఫైల్స్ ట్యాబ్‌లో క్యూన్యూ (QNEW, కొత్త డ్రాయింగు తెరిచే కమాండు)కు డీఫాల్టుగా ఇవ్వండి. టైటిల్ బ్లాకులో తెలుగూ ఒడియా రెండూ రాసేటట్లయితే, ఆ టెక్స్ట్ స్టైల్‌కు రోమన్స్ వంటి ఎస్‌హెచ్‌ఎక్స్ (ఆటోక్యాడ్ సొంత) ఫాంటు కాక విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంటు పెట్టండి, అందులో రెండు లిపులూ ఉన్నాయి.