హెడ్ బెండ్ అయింది, క్రాక్ కూడా ఉంది: వెల్డింగా, కొత్తదా?

చిత్తూరు ట్యాక్సీ:
మాది ఏడు సీట్ల పాత డీజిల్ బండి. తిరుమల రెండో ఘాట్ ఎక్కుతుండగా రేడియేటర్ హోస్ పగిలి ఇంజిన్ బాగా వేడెక్కింది. విప్పి చూస్తే సిలిండర్లని పైనుంచి మూసే అల్యూమినియం హెడ్ బెండ్ అయింది. ఒకచోట రెండు వాల్వ్ సీట్ల (వాల్వులు ఆనుకునే చోట్ల) మధ్య సన్నని క్రాక్ కూడా ఉంది. లేత్ షాపువాళ్ళు ఆర్గాన్ వెల్డింగ్ చేసి, అడుగు చదునయ్యేలా మిషన్‌తో చెక్కే ఫేసింగ్ కొడదాం అంటున్నారు. మెకానిక్ కొత్తదే వేయమంటున్నాడు. బండి నిలబడితే మాకు ఇల్లు గడవదు. ఏం చేయమంటారు?

రేణిగుంట లేత్:
అన్నా, ఫేసింగ్ చేయించు. కొత్త హెడ్ చాలాసార్లు ఖాళీగా వస్తుంది. వాల్వులు, సీల్స్, ఫిట్టింగ్ ఖర్చు మళ్ళీ వేరే. వెల్డింగ్ చేసేవాడికి పని తెలిసుండాలి, హెడ్‌ని ముందు సమంగా వేడి చేయాలి. అంతే.

ఘాట్ డ్రైవర్:
ఒప్పుకోను అన్నా. ఊళ్ళో తిరిగే బండికి అది సరిపోవచ్చు. ఫుల్ లోడుతో రోజూ కొండెక్కే బండికి వాల్వ్ సీట్ల మధ్య వెల్డింగ్ నిలవదు. ఆ చోటే అన్నిటికన్నా ఎక్కువ కాలుతుంది. ఘాట్‌లో బండి ఆగితే లోపల పిల్లలు, ముసలివాళ్ళు ఉంటారు.

పలమనేరు డీజిల్:
ఇద్దరూ కొలతలు చూడకుండానే తీర్పు చెబుతున్నారు. సీట్ల మధ్య క్రాక్ అనగానే హెడ్ పోయినట్టు కాదు. అది సన్నగా ఉండి నీళ్ళ దారిదాకా వెళ్ళకపోతే అలాగే వాడుకోవచ్చని కొన్ని డీజిల్ ఇంజిన్ల మాన్యువల్స్‌లోనే ఉంటుంది. అలాంటిదాన్ని వెల్డింగ్ పేరుతో కెలకడమే నష్టం. అందుకే ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. నీళ్ళ దారులు మూసి, వేడినీళ్ళలో ముంచి, లోపలికి గాలి కొట్టాలి. బుడగలు వస్తే క్రాక్ లోపలిదాకా ఉన్నట్టే. చన్నీళ్ళలో కొన్ని క్రాకులు తెరుచుకోవు.

ఫేసింగ్ విషయంలో నాకు అసలు భయం ఇంకోటి. అడుగున స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ) పెట్టి, మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో (కొలత రేకులతో) చూస్తే చాలా హెడ్లకు 0.05 మిల్లీమీటర్లు దాటితే తేడా కిందే లెక్క. కానీ హెడ్ వంగినప్పుడు అడుగు ఒక్కటే వంగదు. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) పైన ఉండే ఇంజిన్ అయితే క్యామ్ కూర్చునే లైన్ కూడా వంగుతుంది. అడుగు చదును చేసినంత మాత్రాన పైన సరికాదు. వాల్వులు లేకుండా క్యామ్ బిగించి చేత్తో తిప్పి చూడండి, పట్టేస్తే ఆ హెడ్ వద్దు. పైగా డీజిల్‌లో పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు చాలా తక్కువ. అందుకే కొన్ని డీజిల్ హెడ్లకు ఫేసింగే చేయకూడదని కంపెనీలు చెబుతాయి. మీ ఇంజిన్‌కి కనీస మందం ఎంతో, మందపాటి గ్యాస్కెట్ దొరుకుతుందో లేదో అడగకుండా మిషన్ ఎక్కించకండి.

ఘాట్ డ్రైవర్:
మరి వేడికి మెత్తబడిన అల్యూమినియం సంగతి? దాన్ని వెల్డింగ్ బాగుచేయదు కదా?

పలమనేరు డీజిల్:
అందులో మీదే రైటు. నీళ్ళు లేకుండా నడిచి బాగా కాలితే అల్యూమినియం గట్టిదనం పోతుంది, వెల్డింగ్‌తో అది తిరిగి రాదు. హార్డ్‌నెస్ టెస్ట్‌లో తక్కువ వస్తే కొత్తదే, మాట్లాడేదే లేదు. చెన్నై పుదుపేట పాత స్పేర్ పార్టుల మార్కెట్‌లో వాడిన హెడ్ దొరికినా ఇవే టెస్టులు చేయించాకే డబ్బులివ్వాలి.

చిత్తూరు ట్యాక్సీ:
రేపు తిరుపతిలో ప్రెషర్ టెస్ట్ చేయిస్తా. క్యామ్ తిరగడం కూడా నా కళ్ళముందే చూపించమంటా. పాత హెడ్ బోల్టులే మళ్ళీ వాడొచ్చా?

రేణిగుంట లేత్:
బిగిస్తే సాగే రకం అయితే వద్దు, కొత్తవి తీసుకో అన్నా. హోస్‌లన్నీ, థర్మోస్టాట్ కూడా మార్పించు.