మిద్దె మీద టమాటా: ఆకు ముడత, కాయ అడుగున నలుపు, ఉన్నట్టుండి వాడిపోవడం. బెజవాడ, గుంటూరు వాళ్ళు ఏం చేస్తున్నారు?

మొగల్రాజపురం_మిద్దె:
అందరికీ నమస్తే అండీ. సెప్టెంబర్‌లో నారు పోసి గ్రోబ్యాగుల్లో నాటాం, పూత దాకా ఏ ఢోకా లేదు. ఇప్పుడేమో రెండు మొక్కలకి పై చిగుళ్ళు ముడుచుకుపోయి ఆకు చిన్నదైపోయింది, ఇంకొన్నిటికి కింది ఆకులు మాత్రమే పైకి చుట్టుకున్నాయి గానీ పచ్చగానే ఉన్నాయి. తొలి కాయల అడుగున నల్లటి మచ్చ కూడా మొదలైంది. మందుల షాపులో ఒక డబ్బా ఇచ్చారు అన్నిటికీ ఇదే కొట్టమని, ఇంకా కొట్టలేదు, పిల్లలు చెట్టు మీద నుంచే కోసుకుని తింటారు కాబట్టి భయంగా ఉంది. మీ అనుభవం చెప్పండి.

లాం_రైతుబిడ్డ (గుంటూరు):
ముందు ఆ డబ్బా పక్కన పెట్టండి. మీరు చెప్పినవి మూడు వేరు వేరు సంగతులు, ఒక్క మందుతో మూడూ పోవు.

పై చిగుళ్ళు ముడుచుకుని, ఆకు అంచు పసుపెక్కి, మొక్క గిడసబారితే అది ఆకు ముడత వైరస్. మా మిర్చి చేలల్లో బొబ్బర అంటామే, చూడ్డానికి అట్టాగే ఉంటది. తెల్లదోమ మోస్తది దీన్ని. పొద్దున్నే వెళ్ళి ఆకు తిప్పి చూడండి, అడుగున తెల్లగా సన్నగా దోమలు అంటుకుని ఉంటాయి, కొమ్మ కదిపితే గుంపుగా లేస్తాయి. వైరస్ వచ్చిన మొక్కకి మందు లేదండి, ఎవరేం చెప్పినా సరే. పీకెయ్యాల్సిందే. అయితే ఉత్తినే పీకితే దోమలన్నీ లేచి పక్క మొక్క మీద వాలతాయి, అందుకని ముందు సబ్బు నీళ్ళు బాగా తడిసేలా కొట్టి, మొక్కని కవర్లో మూటగట్టి అప్పుడు తీసెయ్యండి.

కింది ఆకులు చుట్టుకుని పచ్చగానే ఉన్నాయంటే అది జబ్బు కాదు. మధ్యాహ్నం ఎండకి, నీళ్ళు ఎక్కువ తక్కువలకి మొక్క అట్టా ముడుచుకుంటది, కాపుకేం నష్టం లేదు. ఈ రెంటికీ తేడా తెలియక మంచి మొక్కలు పీకేసేవాళ్ళని, జబ్బు మొక్కని ఉంచి మిగతావాటికి అంటించుకునేవాళ్ళని చాలామందిని చూశా, అందుకే ఇంత చెప్తున్నా.

మిగిలిన మొక్కలకి లీటరు నీళ్ళకి 5 ఎం.ఎల్. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి, వారానికోసారి. పసుపు జిగురు అట్టలు మొక్క తల ఎత్తులో కట్టండి. వచ్చే ఏడు నారు దశలోనే సన్న నెట్ కప్పితే సగం గొడవ ఉండదు, ఎందుకంటే చిన్నప్పుడు అంటుకున్న వైరసే మొక్కని పూర్తిగా దెబ్బ తీస్తది.

బ్రాడీపేట_పెద్దమ్మ:
కాయ అడుగు నలుపు సంగతి నేను చెప్తానమ్మా. అది పురుగూ కాదు తెగులూ కాదు, కాయకి కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా నీటితోపాటే కదా పైకి వెళ్ళాల్సింది, ఒక రోజు బ్యాగు ఎండిపోయి మర్నాడు బకెట్ పోస్తే ఎట్లా వెళ్తుంది? వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూసి, తడి లేకపోతేనే నీళ్ళు పొయ్యి, కానీ రోజూ ఒకే వేళకి చూడు. పైన ఎండాకులో కొబ్బరి పీచో మందంగా పరువు, మేడ మీద వేడికి అది లేకపోతే తడి నిలవదు. యూరియా జోలికి వెళ్ళకు, ఆకు ఏపుగా వస్తుంది గానీ ఈ నలుపు ఇంకా ఎక్కువవుతుంది. కోడిగుడ్డు పెంకులు వెయ్యమని అందరూ చెప్తారు, వెయ్యి, తప్పేం లేదు, కాకపోతే అవి కరిగేసరికి ఈ కాపు అయిపోతుంది. నల్లబడిన కాయలు తుంచెయ్యి, తర్వాత గుత్తులు బాగానే వస్తాయి.

గొల్లపూడి_పెరడు:
మాది నేల మీద తోట అండి, మేడ కాదు. నిన్న సాయంత్రం నిండా పూతతో ఉన్న చెట్టు, ఇవాళ మధ్యాహ్నానికి తల వేలాడేసింది, ఆకు పచ్చగానే ఉంది, ఒక్క ఆకూ పండలేదు, నీళ్ళు పోసినా లేవట్లా. పోయినేడు అదే మడిలో వంకాయ వేశాం.

లాం_రైతుబిడ్డ:
ఆకు పచ్చగా ఉండగానే వాలిపోయిందంటే బ్యాక్టీరియా ఎండు తెగులేమో అని అనుమానం. ఒక పని చెయ్యండి. మొదలు దగ్గర కాండం బెత్తెడు ముక్క కోసి, గాజుగ్లాసులో తేట నీళ్ళు పోసి, ముక్కని కదలకుండా పై నుంచి నీళ్ళలోకి వేలాడదీసి పట్టుకోండి. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లగా పాలచార లాగా కిందికి జారితే అదే. జారకపోతే వేరు కుళ్ళో, వేళ్ళకి పట్టే నులిపురుగో చూడాలి, వేరు పీకి బొడిపెలు ఉన్నాయేమో చూడండి.

గొల్లపూడి_పెరడు:
చేశానండి. సన్నగా దారంలా తెల్లగా దిగింది, మా అమ్మాయి కూడా చూసింది.

లాం_రైతుబిడ్డ:
అయితే ఆ చెట్టు వేరుతో సహా తీసెయ్యండి, కంపోస్టులో మాత్రం వెయ్యొద్దు. ఆ మడి నీళ్ళు పక్క మడికి పారనివ్వొద్దు, పారకి అంటిన మట్టి కడిగాకే వేరే చోట వాడండి. టమాటా, వంగ, మిర్చి, బంగాళాదుంప అన్నీ ఒకటే కుటుంబం, ఈ బ్యాక్టీరియా మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటది. అక్కడ తోటకూర, మొక్కజొన్న, బెండ లాంటివి వేసుకోండి. టమాటా కావాలంటే కొత్త మట్టితో బ్యాగుల్లోకి మారడం మేలు. నల్లరేగడి ఒక్కటే నింపకండి, నీళ్ళు పట్టేసుకుంటది. ఎర్రమట్టి, కోకోపీట్, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి.

తాడేపల్లి_కిరణ్:
విత్తనం సంగతి ఎవరూ చెప్పలేదు. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క రక్షక్ టమాటా ఈ మూడిటికీ, అంటే ఆకు ముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుల మీద గుండ్రటి వలయాలు వచ్చే మచ్చ తెగులు, తట్టుకునేలా తీసిన హైబ్రిడ్. మా మేడ మీద అదే వేస్తున్నాం, పక్కన నాటు రకం ముడుచుకుపోయినా ఇది కాసింది. అసలు రాదని కాదు, వచ్చినా నిలబడుతుంది. హైబ్రిడ్ కాబట్టి దాని కాయలోంచి తీసిన గింజ వేస్తే అదే గుణం రాదు, ప్రతి ఏడూ కొనాలి.

బెంజిసర్కిల్_స్వాతి:
నాది ఇంకో డౌట్, ఏటా ఫిబ్రవరి దాకా విరగకాసే చెట్టు మార్చి నుంచి పూత మొత్తం రాల్చేస్తుంది. బోరాన్ (సూక్ష్మ పోషకం) కొట్టమంటున్నారు, పనిచేస్తుందా?

బ్రాడీపేట_పెద్దమ్మ:
ఎండమ్మా. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచెయ్యదు, ఏం కొట్టినా పూత నిలవదు. మన బెజవాడ గుంటూరు ఎండల్లో ఏప్రిల్, మే టమాటా మీద ఆశ పెట్టుకోవద్దు. షేడ్ నెట్ కడితే చెట్టు బతుకుతుంది, చెర్రీ రకాలైతే కాసిని నిలుస్తాయి, అంతే. ఆ బ్యాగుల్లో గోంగూర చల్లుకో, ఎండకి హాయిగా వస్తుంది.

మొగల్రాజపురం_మిద్దె:
చాలా థ్యాంక్స్ అండీ. ముడుచుకున్న రెండూ సబ్బు నీళ్ళు కొట్టి తీసేశా, డబ్బా వెనక్కి ఇచ్చేస్తా. ఒకటే ప్రశ్న, మా మావయ్యగారు చుట్ట కాలుస్తూ మొక్కలకి తాళ్ళు కడుతుంటారు, పొగ వల్ల ఏమైనా అవుతుందా?

లాం_రైతుబిడ్డ:
పొగ వల్ల కాదు, చేతుల వల్ల. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటాకి కూడా వస్తది, ఆరబెట్టిన పొగాకులో కూడా చావదు. చుట్ట పట్టుకున్న చేత్తో పక్క పిలకలు గిల్లితే ఆ గాయంలోంచి ఎక్కుతది. సబ్బుతో బాగా కడుక్కుని ముట్టుకోమనండి, చుట్ట ముక్కలు బ్యాగుల్లో పడెయ్యొద్దని కూడా చెప్పండి.