పెద్ద మ్యాచ్ ముందు "ఓడినా పర్లేదు" అనే ఆటగాళ్లని చూస్తే మీకు నచ్చుతుందా, మండుతుందా?

గంటస్తంభం_గిరి:

వారం నుంచి మా ఇంట్లో ఇదే గొడవ, మీ అందరి మాటా విందామని ఇక్కడ పెడుతున్నాను. కాస్త పొడుగు, ఓపికుంటేనే చదవండి.

మా అప్ప కూతురు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. పదిహేడేళ్లు. వాళ్లది నెల్లిమర్ల వైపు, కొండవెలగాడ పక్కనే కాబట్టి ఆడపిల్ల బార్ ఎత్తితే అక్కడ ఎవరూ వింతగా చూడరు. వచ్చే ఆదివారం రాష్ట్ర పోటీలు. లోకల్ కేబుల్ చానల్ కుర్రాడొకడు మైకు పట్టుకొచ్చి "ఈసారి పతకం గ్యారంటీయేనా?" అనడిగితే ఇది నవ్వుతూ "రాకపోతే ఏటవుతాది అన్నా, మళ్లీ ఏడాది ఉంది కదా, నా ఆరు లిఫ్టులూ నేను ఎత్తుకుంటే చాలు" అనేసింది. నలభై సెకన్ల క్లిప్పు. అది ఫ్యామిలీ గ్రూపులో పడింది, ఇంక చూడండి. దాని పెదనాన్న మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు, బరిలోకి దిగకముందే చేతులెత్తేసిందని. కోచ్ అయితే ప్రాక్టీసులో అందరి ముందూ చివాట్లు పెట్టాడంట.

ఈ మాటలు ఎక్కడ నేర్చుకున్నావే అంటే "టీవీలో పెద్ద ప్లేయర్లందరూ ఇలాగే అంటారు కదా మావయ్యా" అంది. అదీ నిజమే. ఫైనల్ ముందు రోజు ప్రెస్ మీట్ ఏది చూసినా ఇదే పాట. మాకిది ఇంకో మ్యాచ్ అంతే, రిజల్ట్ మా చేతుల్లో లేదు, ఎంజాయ్ చేస్తాం. మా మేనకోడలు అలా అంటే చిన్నపిల్ల అనుకుంటాను, కానీ ఆటే బతుకుతెరువు అయినవాళ్లు, దాని మీద కోట్లు సంపాదిస్తున్నవాళ్లు, దేశమంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నప్పుడు ఓడిపోయినా కొంపేం మునగదన్నట్టు మాట్లాడటం సబబేనా? లోపల అలా ఉండటం వేరు, బయటికి అలా వినిపించడం వేరు అని నాకనిపిస్తోంది. మీరేమంటారు?

పలాస_జీడిపిక్క:

నాకైతే మండుతుంది, దాచుకునేదేం లేదు.

2023 నవంబరు 19న, ఆస్ట్రేలియాతో మన క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ రోజు, మా వీధిలో ఇంటికి వంద చొప్పున వేసుకుని, రెండు కరెంటు స్తంభాల మధ్య తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాం. మధ్యాహ్నం రెండింటికి మ్యాచ్ అయితే పన్నెండింటికే కుర్చీలు నిండిపోయాయి, పగటి వెలుగులో బొమ్మ సరిగ్గా కనపడకపోయినా ఎవడూ కదల్లేదు. రాత్రి ఆస్ట్రేలియా బ్యాటర్ హెడ్ బాదుతుంటే ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని లేచిపోయారు. చివరికి నేనూ, ప్రొజెక్టర్ అద్దెకిచ్చినవాడూ మిగిలాం, వాడికి ఎలాగూ వెళ్లడానికి లేదు కాబట్టి.

అంతకుముందు రోజు వాళ్ల కెప్టెన్ కమిన్స్ ఏమన్నాడో గుర్తుందా? అంతమంది జనం ఒక్కసారిగా సద్దుమణిగిపోతే వినడానికి అంతకన్నా తృప్తి ఇంకోటి లేదన్నట్టు చెప్పాడు. చెప్పినట్టే నోళ్లు మూయించాడు. మాటంటే అదీ! మనవాళ్లేమో ప్రాసెస్ నమ్ముకున్నాం అంటారు. నాకు తెలిసిన ప్రాసెస్ జీడిపిక్కల ప్రాసెసింగ్ ఒక్కటే గురూ, అక్కడ సాయంత్రం అయ్యేసరికి పప్పు విరగకుండా ఎంత వచ్చింది అనే అడుగుతాడు మా యజమాని, పని బాగా ఎంజాయ్ చేశావా అని అడగడు.

పాత_లిఫ్టర్:

పలాస తమ్ముడూ, కమిన్స్ గెలిచాడు కాబట్టి అది మాటైంది. హెడ్ పదిహేను దగ్గర అవుటయ్యుంటే అదే క్లిప్పుతో మనం ఈరోజుకీ మీమ్స్ చేసుకుంటూ ఉండేవాళ్లం.

గిరి గారూ, అసలు మీ ఇంట్లో ఎవరికీ ఆ పిల్ల ఏమందో అర్థం కాలేదు. కోచ్‌కి అర్థమయ్యుండాలి, మరెందుకు తిట్టాడో. "ఆరు లిఫ్టులూ ఎత్తుకుంటే చాలు" అంది కదా, అది చేతులెత్తేయడం అనుకున్నారా మీరు? నేల మీంచి ఒకే ఊపున తలపైకి ఎత్తే స్నాచ్ మూడు, ముందు భుజాల దాకా లేపి అక్కణ్ణుంచి తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్ మూడు, మొత్తం ఆరు ప్రయత్నాలు, ఒక్కో ప్రయత్నానికీ బరువు పెంచుకుంటూ పోతారు. ఆరుకి ఆరూ నిలబెట్టడం అంటే ఏంటో బార్ పట్టినవాడిని అడగండి. నేను తొమ్మిదేళ్లు ఎత్తాను, పోటీలో ఒక్కటంటే ఒక్కసారి ఆరుకి ఆరు వచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పతకం పక్కవాళ్ల మీద కూడా ఆధారపడుతుంది, మనకన్నా గట్టివాళ్లు ముగ్గురొస్తే మనకి రాదు. ఆరుకి ఆరు మాత్రం ఎవరి దయా కాదు. అంటే ఆ పిల్ల చాలా పెద్ద కోత కోసింది, మీకు వినపడలేదు అంతే.

ఇక రిలాక్స్‌గా వినిపించడం సంగతి. నేను రెండు రకాలూ చేసి చెడ్డాను. ఒకసారి అందరితోనూ "నాకేం టెన్షన్ లేదు" అని చెప్పుకుంటూ తిరిగాను. పేరు పిలిచారు. పిలిచాక నిమిషమే టైము. చాక్ పొడి రాసుకుంటే అరచేతుల చెమటకి దోసెల పిండిలా ముద్దకట్టింది, రుద్దితే పోదు, తొడలకి తుడుచుకుంటే డ్రెస్సంతా తెలుపు. బార్ దగ్గరికి వెళ్లేసరికి ఇరవై సెకన్లు కూడా లేవు. స్నాచ్ మూడూ పోయాయి. స్నాచ్‌లో ఒక్కటైనా నిలవకపోతే టోటలే ఉండదు, ఆ తర్వాత జెర్క్‌లో ఏనుగునెత్తినా లెక్కలోకి రాదు. ఇంటికి బస్సులో వస్తూ కూడా కండక్టర్‌తో నవ్వుతూనే మాట్లాడాను, అంత కూల్ మరి. మరుసటి ఏడాది దీనికి విరుగుడని "గోల్డ్ నాదే, రాసుకోండి" అన్నాను. ఐదో స్థానం.

కాబట్టి నోటి మాట వినకండి, ఎంత బరువు అడిగారో చూడండి. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లే ముందు విలేకరులతో ఏం మాట్లాడిందో ఇక్కడ ఒక్కరికైనా గుర్తుందా? ఆ రోజు అడిగిన బరువు మాత్రం పాతికేళ్లు దాటినా నాకు నోటికొచ్చు. 2000 సెప్టెంబరు 19, 69 కేజీల విభాగం. స్నాచ్ 110, జెర్క్‌లో 130, మొత్తం 240. పైనున్న ఇద్దరిదీ 242.5. చివరి ప్రయత్నానికి బార్ మీద 137.5 పెట్టించారు. ఒక్కసారే ఏడున్నర కేజీలు పెంచడం, అంటే గోల్డ్ కోసమే వెళ్లారని. నిలవలేదు, కంచు వచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. మరి ఆ 137.5ని పొగరంటారా, ఓడినా పర్లేదనుకోవడం అంటారా? నాకైతే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. పోతే పోయిందనుకోకపోతే అంత బరువు అడగలేరు.

మామూలు_మనిషి:

చాలా పొడుగైంది మాస్టారూ. అయినా చదివాను.

పీఈటీ_మాస్టారు_విజయనగరం:

ఒక సంగతి ఎవరూ అనడం లేదు. పెద్ద ఆటల్లో ప్రెస్ మీట్ అనేది ప్లేయర్ ఇష్టం కాదు, ఉద్యోగంలో భాగం. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో టెన్నిస్ ప్లేయర్ నవోమీ ఒసాకా మానసిక ఆరోగ్యం కోసం విలేకరులతో మాట్లాడనంది. మొదటి మ్యాచ్ గెలిచి కూడా ప్రెస్ మీట్‌కి రానందుకు 15,000 డాలర్ల జరిమానా వేశారు, మిగతా టోర్నీల్లోంచి కూడా తీసేస్తామనే దాకా వెళ్లింది వ్యవహారం. చివరికి ఆ అమ్మాయే తప్పుకుంది. నోరు విప్పక తప్పని చోట ఏదో ఒకటి అనాలి కదా. "గెలుపోటములు సహజం" అనేది ఒక గొడుగు. దాని కింద నిలబడి వాళ్ల టెన్షన్ వాళ్లు పడతారు. అది చూసి మనం వీడికి పట్టింపు లేదంటే ఎలా?

అందరికీ నప్పదు అదీ నిజమే. మా స్కూల్ కబడ్డీ టీములో ఒకడుంటాడు, వాడిని "పోతే పోయిందిలే" అని పంపితే నిజంగానే ఔటై వచ్చేస్తాడు, "గీత ముట్టకుండా వచ్చావో చూడు" అని గద్దిస్తేనే కదులుతాడు. వాడి పక్కన ఉండేవాడిని గద్దిస్తే కాళ్లు కట్టేసినట్టు అక్కడే నిలబడిపోతాడు. ఇద్దరికీ ఒకటే మందు వేసే కోచ్‌లు ఎక్కువయ్యారు, అదీ బాధ.

అరసవల్లి_అమ్మాయి:

గిరి గారూ, ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ క్లిప్పులో ఉన్నది మేనకోడలు కాకుండా మేనల్లుడు అయితే ఆ వాయిస్ మెసేజ్ వచ్చేదా? ధోనీ మొహంలో ఏ కదలికా లేకుండా ఉంటే కెప్టెన్ కూల్ అని బిరుదిచ్చాం. ఆడపిల్ల నవ్వుతూ మాట్లాడితే మాత్రం సీరియస్‌నెస్ లేదంటాం, నవ్వకపోతే పొగరంటాం. నేను యూనివర్సిటీ దాకా వాలీబాల్ ఆడాను, ఓడిపోయిన రోజు బస్సులో పాటలు పాడుకున్నామని మా మీద కంప్లైంట్ వెళ్లింది! అబ్బాయిల టీము అంతకుముందు వారమే ఓడి డ్యాన్సులేసింది.

2025లో మన అమ్మాయిలు క్రికెట్ వరల్డ్ కప్ లీగ్‌లో వరసగా మూడు ఓడినప్పుడు ఆన్‌లైన్‌లో ఏమేం రాశారో నేను మర్చిపోలేదు, వీళ్లకి ఓడిపోవడం అలవాటైపోయిందని. అదే టీము నవంబరు 2న సౌతాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు పట్టుకుంది. ఆ మూడు మ్యాచ్‌ల తర్వాత కెమెరా ముందు ఏడ్చి ఉంటే కొందరికి తృప్తిగా ఉండేదేమో.

పలాస_జీడిపిక్క:

అమ్మాయిల విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను అక్కా, కానీ నా మంట నాకుంది, ఫ్యాన్‌గా నాకూ ఒక మాట కావాలి. "ఇది మాకు చాలా పెద్ద మ్యాచ్, భయంగానే ఉంది, గట్టిగా ఆడతాం" అని ఒక్కడైనా అనొచ్చు కదా, పొగరూ వద్దు, ప్రాసెస్సూ వద్దు.

అన్నట్టు పాత లిఫ్టర్ గారూ, మీ లెక్కలు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మల్లీశ్వరి టోటల్ 240, ఆ ఫైనల్లో ఇండియా కొట్టిందీ 240. ఆవిడ వదిలేసిన బరువు 137.5, హెడ్ కొట్టింది 137. ఆ అరకేజీ ఎక్కడ పోయిందో మరి.

పాత_లిఫ్టర్:

ఆ అరకేజీ మీ ప్రొజెక్టర్ వాడు పట్టుకుపోయుంటాడు.

గంటస్తంభం_గిరి:

అందరికీ థాంక్స్. పాత లిఫ్టర్ గారు చెప్పిన ఆరుకి ఆరు సంగతి గ్రూపులో పెట్టాను, దాని పెదనాన్న చూశారు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

నిన్న సాయంత్రం మా అప్ప వాళ్లింటికి వెళ్లాను. అరసవల్లి అమ్మాయి గారి మాట మనసులో ఉండి, ఈసారి సలహా ఇవ్వకుండా ఊరికే అడిగాను, ఆ మైకు కుర్రాడితో అలా ఎందుకన్నావే అని. పెరట్లో బూట్ల పట్టీలు ఉతుక్కుంటోంది. తలెత్తకుండానే చెప్పింది, "అన్నతో ఎందుకంటాను మావయ్యా, నాన్న కెమెరా వెనకాలే ఉన్నాడు."

మా బావకి బీపీ. దీని తిండికీ, ప్రయాణాలకీ ఎంతవుతోందో ఆయన ఎవరికీ చెప్పడు, పోయినసారి పోటీల ముందు రాత్రంతా అరుగు మీద కూర్చునే తెల్లవార్చాడని అప్ప చెప్పింది. ఆ క్లిప్పు నేను పదిసార్లు చూశాను, ఆయన అక్కడున్నాడని నాకు తట్టలేదు. ఇప్పుడు మళ్లీ చూస్తే, "మళ్లీ ఏడాది ఉంది కదా" అన్నప్పుడు దాని చూపు మైకు మీద లేదు, కొంచెం పక్కకి ఉంది.

మరి నీకు భయం లేదా అంటే, ఉంది అంది, ఓపెనర్, అంటే మొదటి ప్రయత్నం బరువు, రెండు కేజీలు తగ్గించుకుందామని కోచ్‌ని అడిగితే ఆయన ఇంకా ఏమీ తేల్చలేదంట. నాకు మాత్రం ఒక పని అప్పజెప్పింది. ఆదివారం బరువు చూడటం అవ్వగానే తినడానికి ఇడ్లీలు పట్టుకెళ్లాలి, ఎనిమిది, చట్నీ వేరే డబ్బాలో. రెండు రోజుల నుంచి అది సరిగ్గా తినడం లేదు.