అప్‌డేట్: అమ్మ పై దవడకు నాలుగు ఇంప్లాంట్ల మీద ఫిక్స్‌డ్ పళ్లు

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు గుంటలు పడి, విరిగి, మొదళ్లు పుచ్చిన పై పళ్లకు కట్టుడు సెట్టు చాలా, ఇంప్లాంట్లు (దవడ ఎముకలో నాటే లోహపు పంటి వేర్లు) వేయించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఒంగోలులో ఇంప్లాంట్లే వేయించాం.

సీబీసీటీ (దవడను 3డీలో చూపే ఎక్స్‌రే) స్కాన్‌తోనే లెక్క తేలింది. వెనక సైనస్ (పై దవడ మీదుండే గాలి గది) కిందికి దిగి ఎముక పలచబడింది. అందుకే వెనక రెండు ఇంప్లాంట్లూ సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా వేశారు, ఎముక గ్రాఫ్ట్ (విడిగా ఎముక పొడి వేసి పెంచడం) తప్పింది. నాలుగూ బిగింపు బలం కొలతలో 35 న్యూటన్ సెంటీమీటర్లు దాటి బిగిశాయి కాబట్టే మూడో రోజు తాత్కాలిక అక్రిలిక్ పళ్లు స్క్రూలతో బిగించారు. అంత పట్టు రాకపోతే ఏం చేస్తారో ముందే అడగండి.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే. పళ్లు గట్టిగా అనిపిస్తాయి, ఎముక మాత్రం ఇంకా అతుక్కోదు. ఈలోగా ఇంప్లాంటు కొంచెం కదిలినా చుట్టూ ఎముకకు బదులు మెత్తటి కండ పెరిగి ఊడొస్తుంది. రెండు నెలలు మెత్తటన్నం, పప్పు, ఇడ్లీ. జంతికలు, చెరుకు ముట్టనివ్వలేదు. షుగరు ఉన్నవాళ్లు ముందు హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరు) అదుపులోకి తెచ్చుకోవాలి.

ఐదో నెలలో జిర్కోనియా (గట్టి సిరామిక్) పళ్లు ఎక్కించారు. ఆ పళ్ల వరుస (బ్రిడ్జి) అడుగున రోజూ వాటర్ ఫ్లాసర్ (నీటి ధారతో శుభ్రం చేసే పరికరం) పట్టాలి. ఇంప్లాంటు కంపెనీ, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకోండి. రేపు స్క్రూ వదులైతే వేరే ఊళ్లోనైనా సరైన విడిభాగం దొరుకుతుంది.