మాయాబజార్‌కు రంగులు: మార్కస్ బార్ట్‌లీకి మేలా, కీడా?

వెండితెర వీరయ్య
ఆదివారం మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని రంగుల మాయాబజార్ చూశాను. 2010 జనవరిలో విడుదల చేసిన ప్రతి. వాడు చివరిదాకా కదలలేదు. నాకే 'లాహిరి లాహిరి' పాట దగ్గర ఏదో పోయినట్టనిపించింది. 1957లో ఆ వెన్నెలను తెర మీదకు తెచ్చినవారు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. రంగులు వేయడం వల్ల ఆయన పనికి మేలు జరిగిందా, కీడా? తెలిసినవారు చెప్పండి.

నెగటివ్
కీడే. ఆయన పత్రికలకు ఫోటోలు తీసి, వార్తాచిత్రాలు తీసి, ఆ తర్వాత సినిమాల్లోకి వచ్చిన మనిషి. 1945 స్వర్గసీమ నుంచి పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మ కథ దాకా చూడండి, వెలుగును కొలిచి వడ్డించినట్టుంటుంది. సావిత్రి చెంప మీద ఇంత పడితే నీళ్ల మీద ఎంత పడాలి, వెనక ఆకుల మీద ఎంత తగ్గాలి, అదంతా లెక్క. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న ఆ మెట్లే వెన్నెల. వాటి మీద నీలం పూస్తే మిగిలేది పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల వెలుగు.

చిత్రగుప్త
చిన్న సవరణ. ఆ పాటను ఎండలో తీశారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో.

కుంచె
నెగటివ్ గారూ, బార్ట్‌లీకి రంగంటే గిట్టదన్నట్టు రాశారు. 1965లో మలయాళ చెమ్మీన్ తీసింది ఎవరు? ఆ సముద్రం రంగు మరిచిపోగలమా? తమిళ శాంతినిలయానికి రంగుల ఛాయాగ్రహణం విభాగంలోనే ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. పైగా మాయాబజార్‌కు రంగులు వేస్తామన్నారు కాబట్టే డబ్బు పెట్టేవాళ్లు ముందుకొచ్చారు, బొమ్మను బాగుచేశారు, ధ్వనిని కొత్తగా సరిదిద్దారు. రంగు మాట లేకపోతే ఆ ఖర్చు మీరు పెట్టేవారా?

బుల్లెమ్మ
మా పిల్లలు నలుపు తెలుపు బొమ్మ కనబడితే ఛానల్ మార్చేసేవారు. ఇది చూశాక గుండమ్మ కథ కూడా పెట్టమన్నారు. నాకు అది చాలు.

నెగటివ్
చెమ్మీన్‌లో ఉన్నది బార్ట్‌లీ ఎంచుకున్న రంగు. ఇక్కడ ఎంచుకున్నది కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు. ఆయన 1993లోనే పోయారు, కె.వి. రెడ్డి గారు అంతకు ఎంతో ముందే పోయారు. ఎవరిని అడిగి శశిరేఖ చీర రంగు తేల్చారు? వంట చేసిన మనిషి పోయాక ఆయన పులుసులో బెల్లం కలిపి, పిల్లలు లొట్టలు వేశారంటే ఎలా బుల్లెమ్మ గారూ?

చిత్రగుప్త
చీర సంగతి తర్వాత. వెన్నెలను ఎండలో తీశారన్న మాటకు ఎవరూ బదులు చెప్పలేదు. అసలు గొప్పతనం అక్కడే ఉంది.

నెగటివ్
కొంత భాగమే ఎన్నూరులో తీశారు. మిగతాది స్టూడియోలో దీపాలు పెట్టి తీసినది. రెండూ అతికించినట్టు తెలియకపోవడమే గొప్పతనం. దయచేసి దీన్ని ఇక వదిలేయండి.

చిత్రగుప్త
ఎండ అని నేను చదివాను. వదలను.

కుంచె
'కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు' అన్న మాటలో చిన్నచూపు ఉంది. ఒక్కో ఫ్రేములో ఎవరి నగ ఏదో, ఎవరి ఒంటి ఛాయ ఏదో తేల్చడం ఆడుతూ పాడుతూ చేసే పని కాదు.

నెగటివ్
కష్టం కాదనలేదు. గోడకు సున్నం వేయడమూ కష్టమే. అంతమాత్రాన మేస్త్రీ కట్టిన ఇల్లు సున్నం వేసినవాడిది అయిపోతుందా?

కుంచె
సరే, సున్నం వేసినవాణ్ణే మాట్లాడుతున్నాను.

రాజమండ్రిలో ఒక ఫోటో స్టూడియోలో పధ్నాలుగేళ్లు పనిచేశాను. రంగు ఫిల్ము మా ఊళ్లో అందరికీ అందని రోజులవి. పెళ్లి ఫోటో నలుపు తెలుపుల్లో తీసి, వెనక పెన్సిలుతో రాసి నాకు పంపేవారు: 'చీర చిలకపచ్చ, రవిక ఎరుపు, పూలు కనకాంబరాలు'. రంగు పట్టించిన కాగితపు ముక్కలు ఒక చిన్న పుస్తకంగా వచ్చేవి. అందులోంచి గోరంత ముక్క చింపి సాసరు నీళ్లలో వేస్తే రంగు దిగేది. ముందు బుగ్గలు, తర్వాత చీర, జరీ అంచు అన్నిటికన్నా చివర. బుగ్గ మీద ఒక్క చుక్క ఎక్కువైతే పెళ్లికూతురు నాటకంలో వేషం కట్టినట్టుండేది. ఆ చుక్కను దూదితో అద్ది తీయడం రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉండేది. తీసిన మనిషి పేరుండదు, నా పేరు అసలే ఉండదు. ఈనాటికీ ఎన్ని ఇళ్ల గోడలకు నా రంగులు వేలాడుతున్నాయో. అది కళ కాదంటే సరే. చెడగొట్టడం అంటే మాత్రం ఒప్పుకోను.

బుల్లెమ్మ
మా అమ్మ పెళ్లి ఫోటో అచ్చం అలాంటిదేనండీ.

నెగటివ్
మీరు మీ కథ చెప్పారు కాబట్టి నాదీ చెబుతాను. మా నాన్న 1979 గోదావరి పుష్కరాల్లో తెల్లవారుజామున ఒక ఫోటో తీశారు. మంచు, మెట్లు, నీళ్లలో మోకాళ్ల దాకా దిగిన ఒక ముసలాయన. అంతా బూడిదరంగే, దాని అందం అదే. మరుసటి ఏడాది ఒక వ్యాపారి పంచిన క్యాలెండరు మీద ఆ ఫోటో కనబడింది. ఆకాశమంతా కుంకుమ పూశారు. కింద కొట్టు పేరు ఇంత లావు అక్షరాల్లో ఉంది, మా నాన్న పేరు లేదు. అడగడానికి వెళితే, 'మీ బొమ్మకు మేం కళ తెచ్చాం' అన్నారట. ఆయన ఆ మాట చచ్చేదాకా చెప్పుకున్నారు. అందుకే ఎవరైనా 'మెరుగులు దిద్దాం' అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నల్లకోటు
ఒక్క మాట. అదే 1957లో చేసిన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత. ఛాయాగ్రాహకుడు కాడు. కాబట్టి రంగులకు బార్ట్‌లీ అనుమతి చట్టానికి అక్కర్లేదు. ఫోటోకైతే తీసినవారే కర్త. అయితే ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవారికి పోతుంది. మీ నాన్నగారు తనకు తానుగా తీసినది కాబట్టి ఆ క్యాలెండరు ముమ్మాటికీ తప్పే.

నెగటివ్
అదే నా బాధ. బూడిదరంగు మెట్ల మీద కూర్చున్న మా నాన్నకు ఉన్న హక్కు మాయాబజార్ వెన్నెలను చేసిన మనిషికి లేదు. రంగు బాగుందా లేదా అని ఇంతసేపూ కొట్టుకున్నాం. బొమ్మ ఎవరిది అన్నదే నా ప్రశ్న.

కుంచె
ఆ ప్రశ్న అయితే నేనూ మీ పక్కనే. కాని బొమ్మ తీసిన మనిషి ఒక్కడిదే అంటే ఒప్పుకోను. గోఖలే, కళాధర్ కట్టిన సెట్లు లేకపోతే బార్ట్‌లీ వెలుగు దేని మీద పడేది? 2010లో రంగులు వేసినవాళ్ల పేర్లూ కలపండి, ఆ పట్టికలో చివర ఉన్నా సరే.

నెగటివ్
చివర అయితే... ఆలోచిస్తాను. పాత నలుపు తెలుపు ప్రతి కూడా అంతే బాగుచేసి పక్కన ఉంచితేనే.

చిత్రగుప్త
మళ్లీ వెతికాను. ఎన్నూరులో తీసింది కొద్ది భాగమేనట, మిగతాది స్టూడియోలోనే. సవరించుకుంటున్నాను.

నెగటివ్
కుంచె గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ రోజుల్లో క్యాలెండర్ల పని కూడా చేసేవారా?

కుంచె
చేశానండీ. బొమ్మకు మూడు రూపాయలు. మీ నాన్నగారిది నా చేతికి వచ్చిందో లేదో చెప్పలేను. కొట్టువాళ్లందరూ ఆకాశం ఎర్రగా ఉండాలనేవారు. ఆ పుస్తకంలో కుంకుమ ముక్కే అన్నిటికన్నా ముందు అయిపోయేది.